ఫాంటసీ నవలలో చిక్కుముడి పాత్ర: గతం కలపాలా, చూపు మార్చాలా, చేసే పని మార్చాలా?

ఫాంటసీ నవల మొదటి డ్రాఫ్ట్ ముగించినవాళ్ళలో చాలామందికి ఒకటే పేచీ. కథ నడుస్తోంది, లోకం కుదిరింది, మాయలు బాగున్నాయి, ఒక్క మనిషి మాత్రం పలకడం లేదు. ఆ ఒక్కరే నవలకి ఆయువుపట్టు కావడం మామూలే. అటు ప్రేమా నిజమే, ఇటు ద్రోహమూ నిజమే అన్న రకం మనిషి. చదివిపెట్టిన స్నేహితుడు "అంతా బాగుంది గానీ, ఆవిడ అలా ఎందుకు చేసిందో అర్థం కాలేదు" అంటాడు. ఆ మాట చెవిన పడగానే రచయిత ఇంటికెళ్ళి ఆ పాత్రకి ఒక చిన్నతనం, ఒక అవమానం, ఒక చావు తగిలించి ఇరవై పేజీలు కలిపేస్తాడు.

చాలాసార్లు ఆ ఇరవై పేజీలు అనవసరం. పాత్రని తిరగరాయడానికి దారులు ఇంకా ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో జబ్బుకి మందు. నా ఓటు ఎటో ముందే చెప్పేస్తాను: మొదట పాత్ర చేసే పనులు చూడండి, ఆ తర్వాత మనం ఎవరి కళ్ళతో చూస్తున్నామో చూడండి, గతం జోలికి ఆఖర్న వెళ్ళండి. ఎందుకో చెప్పాలంటే చేతిలో ఒక పాత్ర ఉండాలి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి కోట అనగానే గోల్కొండే గుర్తొస్తుంది కాబట్టి అక్కడే మొదలుపెడదాం. కోట వాకిట్లో గుమ్మటం కింద గైడ్లు చప్పట్లు కొట్టి చూపిస్తారు. ఆ చప్పుడు పైన కొండ మీద బాలాహిస్సార్ దాకా వినిపిస్తుంది. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు చుట్టుముట్టినా లొంగని కోట, చివరికి లోపలి మనిషి తలుపు తీయించడంతో పోయింది. తీయించింది అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దారు. అబ్దుల్ రజాక్ లారీ అనే మరో సర్దారు మాత్రం ఒళ్ళంతా గాయాలతో పడిపోయేదాకా పోరాడాడు. చరిత్ర ఇద్దరికీ చెరో ముద్ర వేసి వదిలేసింది. నవల రాసేవాడికి ఆ ముద్రలు చాలవు. తలుపు తీయించిన మనిషి మనసులో ఆ రాత్రి ఏముందో కావాలి.

ఇప్పుడు దీన్ని ఫాంటసీ చేద్దాం. ఊరి పేరు, కోట పేరు కల్పితం. కొండ మీద మల్లవ్వ అనే ముసలావిడ కూర్చుని ఉంటుంది. కింద వాకిట్లో చప్పట్లు కొడితే ఆ చప్పుడులో కొట్టినవాడి మనసు ఆమెకి వినబడుతుంది. భయమా, ఆకలా, అబద్ధమా అన్నది చెప్పగలదు. ఆమె "తియ్యి" అంటేనే తలుపు తీస్తారు. కోటంతా ఆమెని అమ్మలా చూస్తుంది. ముట్టడి సాగిన ఎనిమిదో నెలలో ఒక రాత్రి ఆమె శత్రువుకి తలుపు తీయిస్తుంది. మొదటి డ్రాఫ్ట్‌లో ఆ చోటు ఇలా ఉందనుకోండి:

"మల్లవ్వ చెయ్యి పైకెత్తింది. కింద తలుపు కిర్రుమంది. ఎనిమిది నెలలు కాపాడిన కోట ఒక్క సైగతో శత్రువు పాలైంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిన్నప్పుడు తన తండ్రిని రాజభటులు ఈడ్చుకెళ్ళిన రోజు గుర్తొచ్చింది."

తప్పు ఎక్కడుందో చూడండి. "ఎందుకు" అన్న ప్రశ్నకి జవాబు చివరి వాక్యంలో ఉంది. పాఠకుడికి అర్థమవుతుంది కూడా. కానీ అర్థమైన మరుక్షణం మల్లవ్వ చిన్నదైపోయింది. ఇన్నాళ్ళూ కోటని ప్రేమించిన మనిషి కాస్తా పగ దాచుకున్న మనిషిగా తేలింది. ప్రేమ అబద్ధం, పగ నిజం అయిపోయాయి. చిక్కుముడి విప్పమంటే దారమే తెంపేసినట్టయింది.

గతం కలపడంలో ఉన్న అసలు ప్రమాదం ఇదే. గతానికి కారణమంత బలం ఉంటుంది. ఒక కారణం దొరకగానే పాఠకుడు మిగతావాటిని వదిలేస్తాడు. జానపద సినిమాలు చూసి పెరిగిన మనకి ఇది మరీ అలవాటు: ఫ్లాష్‌బ్యాక్ రాగానే లెక్క తేలిపోయిందని కూర్చుంటాం. ఫాంటసీలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆ గతం జరిగింది కూడా మనం కల్పించిన లోకంలోనే. పాత రాజు ఎవరు, పన్ను ఏమిటి, భటులు ఏ దళం అంటూ పాత్ర కోసం మొదలుపెట్టిన ఇరవై పేజీల్లో పన్నెండు లోకం గురించే అయిపోతాయి.

అలాగని గతం ఎప్పుడూ వద్దని కాదు. పాత్ర ఇప్పుడు కోరుకునేదాన్ని గతం మార్చినప్పుడు పనికొస్తుంది. పైగా అది పాత్ర పనికి వివరణగా కాక అడ్డంగా వస్తే మంచిది. మల్లవ్వ తండ్రిని భటులు ఈడ్చుకెళ్ళారు, అయినా ఆమె ఆ కోటకే కాపలా కూర్చుంది అంటే ఆసక్తి పుడుతుంది. తండ్రిని ఈడ్చుకెళ్ళారు కాబట్టి తలుపు తీసింది అంటే చచ్చిపోతుంది. గతం రాయాల్సి వస్తే "కాబట్టి" తీసి "అయినా" పెట్టి చూడండి. ఆ వాక్యం నిలబడితే ఉంచండి, లేకపోతే కొట్టేయండి.

మన చరిత్రలోనే గోల్కొండ చివరి సుల్తాను తానీషాని చూడండి. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నని చెరలో పెట్టించింది ఆయనే. సీతారాముల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ మొదలుపెట్టాడని చెప్పుకునేదీ ఆయన గురించే. గోల్కొండ పోయాక దౌలతాబాద్ కోటలో తానే బందీగా ఉండి అక్కడే పోయాడు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి జనం మూడు వందల ఏళ్ళుగా చెప్పుకుంటున్నారు. ఆయన చిన్నతనం ఎలా గడిచిందని ఎవరూ అడగరు. చేసిన పనులే ఆ మనిషిని నిలబెట్టాయి.

అందుకే నా మొదటి ఎంపిక పనులు మార్చడం. పరీక్ష తేలిక. నవల మొత్తంలో ఆ పాత్ర చేసిన పనులు మాత్రమే ఒక కాగితం మీద వరసగా రాయండి. ఆలోచనలు వద్దు, ఏడుపులు వద్దు, ఇతరులు ఆమె గురించి అన్న మాటలు వద్దు. మొదటి డ్రాఫ్ట్‌లో మల్లవ్వ జాబితా ఇలా వస్తుంది: చప్పుడు విన్నది, నిజం చెప్పింది, చప్పుడు విన్నది, నిజం చెప్పింది, రాజు పిలిస్తే వెళ్ళింది, చప్పుడు విన్నది, తలుపు తీయించింది. చివరి పనికి ముందు ఒక్క మెట్టు కూడా లేదు. స్నేహితుడికి అర్థం కాకపోవడంలో వింతేముంది?

మెట్లు కట్టడం అంటే పెద్ద సన్నివేశాలు కలపడం కాదు. ఉన్న సన్నివేశాల్లో ఒక్కో పని మార్చడం. మూడో అధ్యాయంలో దొంగతనంగా బయటికెళ్ళి తిరిగొచ్చిన కుర్రాడు చప్పట్లు కొడతాడు. అందులో అబద్ధం ఉందని మల్లవ్వకి తెలుసు, అయినా "మంచోడే, తియ్యిండ్రి" అంటుంది. అది దయ. ఏడో అధ్యాయంలో రాజు తన తమ్ముడి మనసు వినమంటాడు. ఆమె వినకుండానే "విన్నా" అంటుంది. అది భయమో, అలుపో, ధిక్కారమో మనకి తెలియదు. ఇప్పుడు ఎనిమిదో నెల రాత్రి వచ్చేసరికి ఆమె అబద్ధం చెప్పడం పాఠకుడికి మూడోసారి. సన్నివేశాన్ని ఇలా తిరగరాయొచ్చు:

"కింద మూడు చప్పట్లు. మొదటిదాంట్లో భయం ఉంది. రెండోదాంట్లో ఆకలి ఉంది. మూడోదాంట్లో ఏముందో తెలిసి మల్లవ్వ కాసేపు మాట్లాడలేదు. పక్కనున్న కుర్రాడు 'ఎవలవ్వా?' అన్నాడు. 'మనోళ్ళే' అంది. 'తియ్యుమను.'"

కన్నీళ్ళు లేవు, తండ్రి లేడు. ఎందుకు తీయించిందన్నది ఇప్పుడూ పూర్తిగా చెప్పలేదు. కానీ "అర్థం కాలేదు" అన్న స్నేహితుడు ఈసారి "ఎందుకు చేసి ఉంటుందంటావ్?" అని అడుగుతాడు. మొదటి మాట ఫిర్యాదు, రెండో మాట పాఠకుడు కథలోకి దిగాడనడానికి గుర్తు. మూడో అధ్యాయంలో ఆమె కాపాడిన కుర్రాడే ఆ రాత్రి పక్కన నిలబడ్డాడని మీరు గమనించే ఉంటారు. కొత్త మనిషిని తేకుండా పాతవాణ్ణే వాడుకోవడం తిరగరాతలో దొరికే సుఖం.

ఫాంటసీకి మాత్రమే ఉన్న దారి ఒకటుంది, దాన్ని మన రచయితలు తక్కువగా వాడతారు. మాయకి ధర పెట్టడం. మంత్రశక్తి ఊరికే వస్తే అది పాత్రకి నగ లాంటిది, ఉంటే ఉంటుంది, తీస్తే తీయొచ్చు. దానికి పాత్ర ఏదో చెల్లించాల్సి వస్తే ఆ లెక్క నుంచే చిక్కుముడి పుడుతుంది. మల్లవ్వ ఒక్కో చప్పుడు విన్నప్పుడల్లా తనకి తెలిసిన ఒక గొంతు మర్చిపోతుందని నియమం పెడదాం. ఎనిమిది నెలల ముట్టడిలో రోజూ వినాలి. తల్లి గొంతు పోయింది, మొగుడి గొంతు పోయింది. ఇప్పుడు ఆరో నెలలో ఒక చిన్న ముక్క రాయొచ్చు:

"పడుకునే ముందు బిడ్డ గొంతు తలుచుకోబోయింది. బిడ్డ మొహం వచ్చింది. పెదాలు కదిలాయి."

దీని తర్వాత ఎనిమిదో నెలలో ఆమె ఎందుకు తీయించిందని ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ముట్టడి ఆగితే వినడం ఆగుతుంది. కోట మీద ప్రేమా ఉంది, ఇంక ఇవ్వడానికి ఏమీ మిగల్లేదన్న నిజమూ ఉంది. ఏదీ ఇంకోదాన్ని అబద్ధం చేయదు. గతం కలిపితే రాని బరువు నియమం కలిపితే వచ్చింది, అదీ మూడు వాక్యాల్లో. అయితే ఒక హెచ్చరిక. మాయ నియమం మార్చారంటే నవలంతా కదులుతుంది. మల్లవ్వ మొదటి అధ్యాయంలో చనిపోయిన తమ్ముడి పాటని గుర్తు చేసుకుని ఉంటే, ఆ పాట ఏ పేజీ దాకా గుర్తుండాలో లెక్క వేసుకోవాలి. మూడో డ్రాఫ్ట్ దాకా వచ్చి గడువు దగ్గరపడ్డవాళ్ళు ఈ దారి పట్టకపోవడమే మేలు. రెండో డ్రాఫ్ట్‌లో ఉన్నవాళ్ళకి ఇంతకు మించిన దారి లేదు.

ఇక చూపు. అంటే కథ ఎవరి కళ్ళతో నడుస్తోందన్నది. ఇక్కడ మూడు ఎంపికలు. మల్లవ్వే "నేను" అని చెప్పడం, కథకుడు ఆమె భుజం మీద నుంచి చూడటం, పక్కనున్న కుర్రాడి కళ్ళతో చూడటం. పాత్ర అర్థం కావడం లేదనగానే చాలామంది "నేను"లోకి దూకుతారు. లోపలికి వెళ్తే తెలుస్తుందని ఆశ. నిజానికి "నేను"లో పాత్ర తనని తాను సమర్థించుకోవడం మొదలుపెడుతుంది, వకీలులా మాట్లాడుతుంది. దాన్ని తట్టుకోవాలంటే పాత్ర గొంతు చాలా గట్టిగా ఉండాలి. "నేనే తీపిచ్చిన. ఒకలు జెప్తె తీపిచ్చుడు గాదు. ఇనుడు నాతోని గాలే, గంతే." ఇలా తెగేసి మాట్లాడే మనిషైతే "నేను" నడుస్తుంది. లోపల లోపల తర్కించుకునే మనిషైతే పదో పేజీకే విసుగు.

కుర్రాడి చూపు తక్కువ మంది ఎంచుకుంటారు, ద్రోహం ఉన్న కథలకి మాత్రం అదే ఎక్కువగా నప్పుతుంది. వాడికి ఆమె తనని కాపాడిందని తెలుసు. "మనోళ్ళే" అన్నది అబద్ధమని తర్వాత తెలుస్తుంది. ఆమె లోపల ఏముందో వాడికీ తెలియదు కాబట్టి పాఠకుడూ వాడితో కలిసి వెతుకుతాడు. వాడు లేని చోట జరిగిన సంగతులు చెప్పలేకపోవడమే ఇందులో నష్టం. పైన రాసిన బిడ్డ గొంతు ముక్క వాడి కళ్ళతో రాయలేం. అది మీకు అంత ముఖ్యమైతే భుజం మీద చూపే ఉంచుకోండి. నేనైతే ఆ ముక్కని వదులుకోను.

తెలుగులో రాసేటప్పుడు ఈ చూపు గురించే ఇంకో చిన్న చిక్కుంది. కథకుడు పాత్రని ఏమని పిలుస్తున్నాడు? ఆమె, ఆవిడ, అది. మగపాత్రైతే వాడు, అతను, ఆయన. మనకి ఈ మాటల్లోనే తీర్పు ఉంది. తలుపు తీయించేదాకా "ఆవిడ" అని, తర్వాత "అది" అని కథకుడే అన్నాడంటే పాఠకుడికి ఆలోచించే పని తీసేసినట్టే. నేను చదివిన రాతప్రతుల్లో ఇది రచయితకే తెలియకుండా జరిగిపోతుంటుంది, కోపం వచ్చిన అధ్యాయంలో పిలుపు మారిపోతుంది. కథకుడి నోట మొదటి నుంచి చివరి దాకా "ఆమె"నే ఉంచండి. మార్చాల్సింది ఇతర పాత్రల నోట. సిపాయిలు ఏడు నెలలు "అవ్వా" అన్నారు, ఎనిమిదో నెలలో ఒకడు "ఆ ముసల్ది" అన్నాడు. అప్పుడు మారింది కోట, కథకుడు కాదు.

మాట తీరు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తెలుగు ఫాంటసీకి ఇదే పెద్ద తలనొప్పి. కల్పిత లోకంలో మనుషులు ఏ తెలుగు మాట్లాడాలి? ఒకే మాటని మూడు రకాలుగా చూడండి.

"ద్వారము తెరువుము. వచ్చినవారు మనవారే."

"తలుపు తీయండి. వచ్చింది మనవాళ్ళే."

"దర్వాజ తియ్యిండ్రి. ఒచ్చింది మనోళ్ళే."

మొదటిది వినగానే కిరీటం, గద కనిపిస్తాయి. లోకం పాతదనిపించడానికి పనికొస్తుంది గానీ చిక్కుముడి పాత్రకి ఉరితాడు. ఆ భాషలో సందేహించడం కష్టం, నసగడం ఇంకా కష్టం. ప్రతి మాటా శాసనంలా వస్తుంది. రాజు కొలువులో చదివే ఫర్మానాకో, మంత్రాలకో దాచుకోండి. రెండోది ఎక్కడైనా సరిపోతుంది, అందుకే ఎక్కడా గుర్తుండదు. మూడోదానికి ప్రాణం ఉంది. దర్వాజ, సర్కార్, జమానా లాంటి మాటలు ఈ నేల మీద తెలుగులో కలిసిపోయి చాలా కాలమైంది కాబట్టి గోల్కొండ లాంటి కోటకి అవి అతికినట్టు ఉంటాయి.

యాస ఎంచుకుంటే రెండు జాగ్రత్తలు. ఒకటి, తెలంగాణ యాస అంటే ఒక్కటి కాదు. ఉత్తర తెలంగాణ మనిషి "అచ్చిండు" అంటే ఇటు హైదరాబాద్ చుట్టుపక్కల "ఒచ్చిండు" అంటారు. రెండూ ఒకే పాత్ర నోట వస్తే ఆ ఊళ్ళ పాఠకులు మొదటి పేజీలోనే పట్టుకుంటారు. మీ ఇంట్లో వినే యాసనే రాయండి, లేదా ఆ ఊరి మనిషి చేత ఒకసారి చదివించండి. రెండోది ఇంకా ముఖ్యం. రాజుకి, రాణికి పుస్తకాల తెలుగు ఇచ్చి ఒక్క మల్లవ్వకి, కాపలావాళ్ళకి మాత్రమే యాస ఇవ్వకండి. పాత సినిమాలు నౌకర్లకీ, రౌడీలకీ యాస పెట్టి మనకి నేర్పిన దురలవాటు అది. అలా చేస్తే మల్లవ్వ నోరు విప్పకముందే పాఠకుడు ఆమెని ఒక మెట్టు కింద కూర్చోబెడతాడు. కోట లోపలివాళ్ళందరికీ ఒకే యాస ఇచ్చి ముట్టడి చేసినవాళ్ళకి వేరే తీరు ఇచ్చి చూడండి. అప్పుడు మూడో చప్పట్లో ఉన్న తేడా చెవికే తెలుస్తుంది.

మాట తీరు మార్చడం చివర్లో చేసే పని. పాత్ర చేసే పనులు కుదరకుండా యాస మార్చి మురిసిపోవడం చారు పలచగా ఉందని పోపు ఎక్కువ వేయడం లాంటిది.

ఇంకో దారి ఉంది, దాని గురించి క్లుప్తంగా చెప్తాను. పాత్ర మోస్తున్న బరువుని ఇద్దరికి పంచడం, లేదా ఇద్దరిని ఒక్కరు చేయడం. మల్లవ్వ ఒక్కతే తల్లి, కాపలాదారు, రాజుకి సలహాదారు, తిరుగుబాటుదారులకి అండ అయ్యిందంటే అది చిక్కుదనం కాదు, రద్దీ. సలహాదారు పని రాజు తమ్ముడికి ఇచ్చేయండి. తలుపు తీసే కాపలావాడు, పక్కనుండే కుర్రాడు వేరువేరుగా ఉంటే వాళ్ళిద్దరినీ ఒకరిని చేయండి. ఒక్కరోజులో నిర్ణయించుకోగల పని ఇది, అమలు చేయడానికి మాత్రం నెల పడుతుంది.

ఇప్పుడు ఎలా చేయాలన్న సంగతి. నవల మొదటి పేజీ నుంచి తిరగరాస్తూ రావాలా, ఆ పాత్ర ఉన్న పేజీలు మాత్రమే తీసి రాయాలా? రెండోదే మేలంటాను, కనీసం మొదటి విడతకి. ఆ పాత్ర ఉన్న సన్నివేశాలన్నీ వేరే ఫైల్లోకి తీసి వరసగా చదవండి. మధ్యలో యుద్ధాలు, ప్రయాణాలు లేకుండా చదివితే ఆమె ఎక్కడ ఆగిపోయిందో, ఎక్కడ ఒకే పని రెండుసార్లు చేసిందో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఫైల్లో వెతకడం తెలుగులో కొంచెం మెలికే. మల్లవ్వ లాంటి పేరైతే మల్లవ్వకి, మల్లవ్వతో అన్నీ ఒకే వెతుకులాటలో దొరుకుతాయి. సింగడు అనే పాత్రైతే సింగడి, సింగణ్ణి అని రూపం మారుతుంది కాబట్టి "సింగ" అని వెతకాలి. పేరు లేకుండా క్రియతోనే నడిచే వాక్యాలు మనకి బోలెడు. అవి ఏ వెతుకులాటకీ దొరకవు, కళ్ళతోనే చూడాలి. డీటీపీ వాళ్ళ దగ్గర అను ఫాంట్లలో టైపు చేయించినవాళ్ళు ముందు యూనికోడ్‌లోకి మార్పించుకోండి, లేకపోతే వెతకడం ఒక యాతన. మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూసుకోండి.

స్క్రీన్ మీద దిద్దడమా, కాగితం మీదా అంటే, పనుల జాబితా, చూపు లాంటి పెద్ద నిర్ణయాలకి కాగితం. మాట తీరుకి చెవి. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ ఉన్న జిరాక్స్ షాపుల్లో ప్రింట్ తీయించి స్పైరల్ వేయించుకుంటే, పక్కనే చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని పెన్నుతో దిద్దుకోవచ్చు. చుట్టూ పోటీ పరీక్షల పిల్లలు తల ఎత్తకుండా చదువుతుంటే మీకూ ఫోన్ తీయబుద్ధి కాదు. సంభాషణలు మాత్రం ఇంట్లోనే, గట్టిగా చదవండి. ఫోన్ చేత చదివించుకోవడం కూడా పనికొస్తుంది గానీ యాసని అది ఖూనీ చేస్తుంది, వాక్యాల పొడవు తెలుసుకోవడానికే వాడండి.

ఎవరికి చదివించాలన్నది ఆఖరి ఎంపిక, ఇక్కడ మొహమాటం పనికిరాదు. హైదరాబాద్‌లో ఫాంటసీ పాఠకులు రెండు తెగలు. గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేస్తూ ఇంగ్లీషు ఫాంటసీ, వెబ్ సిరీస్‌లు మింగేసే కుర్రకారు ఒకటి. పాత చందమామ సీరియళ్ళు, జానపద సినిమాలతో పెరిగిన పెద్దవాళ్ళు ఇంకోటి. మాయ నియమం ఎక్కడ తప్పిందో మొదటివాళ్ళు ఇట్టే పట్టేస్తారు, "ఇక్కడ విన్నది కదా, గొంతు ఎందుకు పోలేదు?" అని అడుగుతారు. కానీ తెలుగు నెమ్మదిగా చదువుతారు కాబట్టి మాట తీరు మీద వాళ్ళ అభిప్రాయం నమ్మలేం. రెండోవాళ్ళు నియమాలు పట్టించుకోరు, "ముసలావిడ రాజుతో అలా మాట్లాడదమ్మా" అని ఠక్కున చెప్తారు. ఆ మాట లక్ష చేస్తుంది. రచయిత మిత్రులు మూడో తెగ. వాళ్ళు మీ పాత్రని తమ పాత్రగా మార్చమంటారు. వాళ్ళకి ఇవ్వాల్సి వస్తే నవలంతా ఇవ్వకుండా పనుల జాబితా ఒక్కటి చూపించి, ఏ మెట్టు దగ్గర కాలు జారిందో చెప్పమనండి.

ఎవరికిచ్చినా "పాత్ర నచ్చిందా?" అని అడగొద్దు. చిక్కుముడి పాత్ర నచ్చాల్సిన పని లేదు. తలుపు సన్నివేశానికి ముందు అధ్యాయం దగ్గర ఆపి, "ఇప్పుడు ఈమె ఏం చేస్తుందనుకుంటున్నారు?" అని అడగండి. అందరూ ఒకే జవాబు చెప్తే మెట్లు మరీ ఎక్కువయ్యాయి, ఒకటి తీసేయండి. ఎవరూ ఏమీ చెప్పలేకపోతే మెట్లు చాల్లేదు. ఇద్దరు ఇద్దరుగా విడిపోయి వాదించుకుంటే తలుపు సన్నివేశం జోలికి ఇంక వెళ్ళకండి, మిగతా అధ్యాయాల పని చూసుకోండి.